ఒక్క టీచరు బడులు, వేల కోట్ల పద్దులు

ప్రభుత్వ బడి గురించి మన దగ్గర మూడు మాటలు వినిపిస్తాయి. అధికారంలో ఉన్నవాళ్లు ఎన్ని వేల కోట్లు ఖర్చు పెట్టామో చెబుతారు. టీచర్ల సంఘాలు వేతన సవరణ (పీఆర్సీ), కరువు భత్యం (డీఏ) బకాయిలు, పింఛను గురించి మాట్లాడతాయి. ఊళ్లో తల్లిదండ్రులు మాత్రం "మా బడిలో అయ్యవారు ఒక్కరే, అయిదు తరగతులకూ ఆయనే, అందుకే పిల్లోణ్ని కాన్వెంటుకు పంపుతున్నాం" అంటారు. మూడూ నిజాలే. అయితే వీటిని ఒకేచోట పెట్టి లెక్క చూసేవాళ్లు తక్కువ. ఆ పని చేయడానికే ఈ సమీక్ష.

దీనికి చిత్తూరు, తిరుపతి జిల్లాలను నిలబడే చోటుగా తీసుకుంటున్నాను. 2020 జనవరి 9న అమ్మ ఒడి పథకం మొదలైంది చిత్తూరు పట్టణంలో. ఇప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు నారావారిపల్లెలో బడి లేక శేషాపురంలోనూ, ఆ తర్వాత చంద్రగిరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలోనూ చదువుకున్నారు. ఎవరి పుట్టినరోజును దేశమంతా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటుందో, ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ చిన్నప్పుడు తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదివారు. ఒక్క టీచరే ఉన్న పల్లె బడిలో చదువు ఎలా చెప్పాలో దేశానికి చూపించిన రిషీవ్యాలీ ఉన్నది ఉమ్మడి జిల్లాలోని మదనపల్లె దగ్గరే. బడి రాజకీయానికీ బడి చదువుకూ ఇన్ని ముడులున్న సీమ ఇది.

నేను చెప్పదలచిన మాట ముందే చెబుతాను. బడికి మొదటి ఖర్చు టీచరు. భవనం, సంచి, భోజనం, తల్లి ఖాతాలో నగదు అన్నీ అవసరమే, కానీ అవన్నీ టీచరు తర్వాతే. గత పాతికేళ్లుగా మన రాష్ట్ర రాజకీయం ఈ వరసను తలకిందులు చేసింది. ఆ తప్పులో అన్ని ప్రధాన పార్టీలకూ వాటా ఉంది.

బడి సర్కారు చేతికి వచ్చిన దారి

చిత్తూరు జిల్లా 1911లో ఉత్తర ఆర్కాడు, కడప జిల్లాల తాలూకాలతో ఏర్పడింది. అప్పటికి ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. వీధిబడులు, మిషన్ బడులు, బోర్డు బడులు పక్కపక్కనే ఉండేవి. 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రభుత్వం "ఫలితాల గ్రాంటు" అనే పద్ధతి నడిపింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షిస్తాడు, ఎంతమంది గట్టెక్కితే బడికి అంత డబ్బు. పంతులు బతుకు ఆ ఒక్కరోజు మీద ఆధారపడేది. బట్టీ చదువులు పెరిగి, ఆ పద్ధతి చివరికి మూలపడింది.

1920లో వచ్చిన మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలు చదువు కోసం పన్ను వేసుకోవచ్చునని చెప్పింది. తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు బడులు పెట్టాయి, పంతుళ్లను వేసుకున్నాయి, జీతాలు ఇచ్చాయి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాక ఆ బడులు వాటి చేతికి వెళ్లాయి. ఇప్పటికీ ఊళ్లో బడి గోడ మీద "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అనో "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అనో ఉంటుంది. పేరు మాత్రమే పరిషత్తుది. జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది, నియామకం, బదిలీ, సిలబస్ అన్నీ రాజధానిలోనే తేలుతాయి. పోస్టులు మాత్రం జిల్లా స్థాయివి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినా, జిల్లా పరిషత్తు పాత ఉమ్మడి జిల్లాకే ఉండిపోయింది. టీచర్ల నియామకానికి జరిపే డీఎస్సీ కూడా ఉమ్మడి జిల్లా ప్రాతిపదికనే జరుగుతోంది.

డబ్బు ఒకేచోటి నుంచి రావడంలో ఒక పెద్ద మేలు ఉంది. అమెరికాలో బడి ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఇళ్ల ధరలు ఎక్కువున్న చోట బడి బాగుంటుంది, పేదల పేటలో బడి వెనకబడుతుంది. మన దగ్గర కుప్పంలో చేరిన సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ)కీ విశాఖలో చేరిన ఎస్జీటీకీ మూలవేతనం ఒకటే. ఇది మామూలు విషయం కాదు, దీన్ని కాపాడుకోవాలి. అయితే డబ్బంతా ఒక్కచోట చేరినప్పుడు దాని మీద నిర్ణయం కూడా ఒక్కచోటే జరుగుతుంది. ఆ చోటు ఎన్నికల చుట్టూ తిరుగుతుంది. మన కథలో చిక్కు అక్కడే మొదలవుతుంది.

పద్దులో ఏముంది

2024-25 రాష్ట్ర బడ్జెట్‌లో పాఠశాల విద్యకు 29,909 కోట్లు, 2025-26లో 31,805 కోట్లు కేటాయించారు. రెండోది 3.22 లక్షల కోట్ల మొత్తం బడ్జెట్‌లో దాదాపు పదో వంతు. ఈ పద్దులో అధిక భాగం జీతాలే. ఆ మాట చెప్పి "డబ్బంతా జీతాలకే పోతోంది" అని నిట్టూర్చడం మనకు అలవాటైంది. ఆ నిట్టూర్పు సరైనది కాదు. చదువు చెప్పడమంటే ఒక మనిషి ఇంకో మనిషికి నేర్పడం. నేర్పే మనిషికి ఇచ్చే జీతమే చదువు మీద పెట్టే ఖర్చు. ఆసుపత్రి పద్దులో డాక్టరు జీతాన్ని వృథా అని ఎవరూ అనరు కదా.

జీతాలు పోగా మిగిలే డబ్బు, దానికి పక్కనే పథకాల రూపంలో వచ్చే డబ్బు ఎటు పోతున్నాయన్నదే రాజకీయం తేల్చే విషయం. 2019 నవంబరు 14న మొదలైన "మన బడి నాడు-నేడు" తొలి విడతలో 15,715 బడులను తీసుకుని 3,600 కోట్లకు పైగా ఖర్చు చేశారు. మరుగుదొడ్లు, నీళ్లు, ఫ్యాన్లు, బెంచీలు, ప్రహరీ గోడలు వచ్చాయి. ఆడపిల్లలకు సరైన మరుగుదొడ్డి లేని బడులు ఎన్నో ఉండేవి. ఆ పని జరగడం మంచిదే, ఎవరు చేసినా మంచిదే. రెండో విడత మాత్రం చాలాచోట్ల గదులు సగంలో ఉండగానే ప్రభుత్వం మారింది.

అమ్మ ఒడి తల్లికి ఏడాదికి 15 వేలు ఇచ్చింది. మొదటి ఏడాది దాదాపు 43 లక్షల మంది తల్లులకు అందింది. తర్వాతి ఏళ్లలో అందులో కొంత మరుగుదొడ్ల నిర్వహణకు, బడి నిర్వహణకు కోసుకున్నారు. 2024లో ప్రభుత్వం మారింది. 2025 జూన్‌లో అదే ఆలోచన "తల్లికి వందనం"గా వచ్చింది. ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ 13 వేలు తల్లి ఖాతాలోకి, 2 వేలు బడి నిర్వహణకు. 67.27 లక్షల మంది విద్యార్థులకు 8,745 కోట్లు. పాఠశాల విద్య బడ్జెట్‌లో పావు వంతును మించిన మొత్తం ఇది.

పేదింటి తల్లి చేతికి డబ్బు వెళ్లడాన్ని నేను తప్పు పట్టను. పుంగనూరు వైపో సత్యవేడు వైపో కూలికి పోయే తల్లికి 13 వేలు చిన్న మొత్తం కాదు. అయితే ఈ డబ్బు ప్రైవేటు బడి పిల్లలకూ వస్తుంది, అక్కడ అది ఫీజులో కలిసిపోతుంది. తన బడి నుంచి పిల్లలు వెళ్లిపోతుంటే, వాళ్లు చేరిన బడి ఫీజుకూ ప్రభుత్వమే చేయూత ఇస్తోంది. రాష్ట్రంలో దాదాపు సగం మంది పిల్లలు ప్రైవేటులో ఉన్నారు. పల్లెలో తెల్లారి పసుపు రంగు బస్సు వచ్చి పిల్లలను ఎక్కించుకుని పోతుంది. ఊరి బడిలో మిగిలేది ఆ బస్సు ఎక్కలేనివాళ్లు.

ఇంకో నష్టం పేర్ల మార్పుది. బడి సంచి ఇచ్చే విద్యా కానుక సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. గోరుముద్ద డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది. పేర్లు మారితే పిల్లల చదువుకు పెద్దగా తేడా పడదు, నిజమే. కానీ పేర్లతో పాటు విధానాలూ మారాయి. వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్ఈకి మార్చారు, 2024లో తిరిగి రాష్ట్ర బోర్డుకు తెచ్చారు. 2019 చివర్లో ఇంగ్లిష్ మీడియాన్ని తప్పనిసరి చేస్తూ జీవోలు ఇచ్చారు, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. ఐబీ సిలబస్ కోసం ఒప్పందం చేసుకున్నారు, తర్వాత పక్కన పెట్టారు. ఒక బిడ్డ ఒకటో తరగతి నుంచి పదో తరగతికి వచ్చే పదేళ్లలో కనీసం రెండు ఎన్నికలు వస్తాయి. ఆ బిడ్డ చదువు మాత్రం ఒకటే, ఎన్నిక పోగానే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి వీలులేనిది.

398 నుంచి పీఆర్సీ దాకా

టీచరు జీతం గురించి బయట ఉన్న అభిప్రాయం "వాళ్లకేం, లక్ష దాకా తీసుకుంటారు" అని. సర్వీసు నిండిన టీచరు విషయంలో అది నిజమే. అక్కడికి ఎలా వచ్చారన్నది కూడా తెలుసుకోవాలి. 1980, 90 దశకాల్లో స్పెషల్ టీచర్లుగా చేరినవాళ్లు నెలకు 398 రూపాయల స్టైపెండుతో పని చేశారు. ఆ తరాన్ని ఇప్పటికీ "398 టీచర్లు" అంటారు. ఆ ఏళ్లకు నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వాలన్న పోరాటం దశాబ్దాలు నడిచింది. ఆ తర్వాత అప్రెంటిస్ టీచర్లు, విద్యా వాలంటీర్లు వచ్చారు. 1998 డీఎస్సీలో అర్హత పొంది, వివాదాల్లో ఇరుక్కుని, ఉద్యోగం లేకుండా ముసలితనానికి దగ్గరైనవాళ్లను రెండు దశాబ్దాలు దాటాక మినిమమ్ టైమ్ స్కేల్ కాంట్రాక్టుతో తీసుకున్నారు. ప్రతి తరంలోనూ ప్రభుత్వం తక్కువ జీతానికి టీచరును తెచ్చుకునే దారి ఒకటి వెతికింది. ప్రతి తరంలోనూ ఆ టీచర్లు సగం జీవితాన్ని కోర్టుల చుట్టూ, ధర్నాల చుట్టూ తిరుగుతూ గడిపారు.

రెగ్యులర్ టీచర్లకు అయిదేళ్లకోసారి రావాల్సింది పీఆర్సీ. 2015లో పదో పీఆర్సీకి 43 శాతం ఫిట్‌మెంట్, అంటే పెంపు, ఇచ్చారు. 2019 జూలై నుంచి 27 శాతం మధ్యంతర భృతి ఇచ్చారు. పదకొండో పీఆర్సీ నివేదికలో అశుతోష్ మిశ్రా కమిషన్ 27 శాతం ఫిట్‌మెంట్ సూచించగా, కార్యదర్శుల కమిటీ 14.29 అంది. 2022 జనవరి 7న ప్రభుత్వం 23 శాతం ప్రకటించింది. మధ్యంతర భృతి కన్నా ఫిట్‌మెంట్ తక్కువ రావడం ఉద్యోగులకు మింగుడుపడలేదు. పైగా జనవరి 17 జీవోలతో 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లన్నిటికీ ఇంటి అద్దె భత్యం 8 శాతానికి తగ్గింది. తిరుపతి, చిత్తూరు రెండూ ఆ లెక్క కిందికే వచ్చాయి. ఫిబ్రవరి 3న "చలో విజయవాడ"కు పోలీసు కట్టడిని దాటుకుని వేలాది మంది ఉద్యోగులు, టీచర్లు చేరారు. రెండు రోజుల్లో ఒప్పందం కుదిరింది. పల్లెలకు 10 శాతం, 2 లక్షలు దాటిన ఊళ్లకు 16 శాతం అద్దె భత్యం వచ్చింది. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఆగింది. టీచర్ల సంఘాలు ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు.

పన్నెండో పీఆర్సీ 2023 జూలై 1 నుంచి అమలు కావాల్సింది. కమిషన్ వేశారు, ప్రభుత్వం మారాక ఛైర్మన్ రాజీనామా చేశారు. 2025 అక్టోబరులో ఒక డీఏ ప్రకటించిన నాటికి కూడా పీఆర్సీ సంగతి తేలలేదు. పింఛను కథా ఇలాంటిదే. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లకు కాంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్). అధికారంలోకి వస్తే దాన్ని వారంలో రద్దు చేస్తామని 2019 ఎన్నికలకు ముందు అప్పటి ప్రతిపక్షం మాట ఇచ్చింది. చివరికి 2023లో గ్యారంటీ పింఛను చట్టం తెచ్చారు, దాన్ని సంఘాలు అంగీకరించలేదు. 2003 డీఎస్సీ వాళ్ల బాధ ఇంకా వేరు. నోటిఫికేషన్ 2004 సెప్టెంబరుకు ముందే వచ్చింది, ఉద్యోగం తర్వాత వచ్చింది. ప్రభుత్వ జాప్యానికి పాత పింఛను పోగొట్టుకున్నది టీచరు.

ఇంత పోరాటంలో ఒక నిజం మరుగునపడుతుంది. ప్రైవేటు బడి టీచరుకు పీఆర్సీ లేదు, సంఘమూ లేదు. తిరుపతిలో, మదనపల్లెలో, చిత్తూరులో డిగ్రీ, బీఈడీ చేసిన ఆడపిల్లలు ప్రభుత్వ ఎస్జీటీ జీతంలో చిన్న వంతుకు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చెబుతున్నారు. కరోనా కాలంలో బడులు మూతపడ్డప్పుడు వాళ్ల జీతాలే మొదట ఆగాయి. టీచర్ల ఉద్యమం వీళ్లను కూడా తనవాళ్లుగా చూడాలి.

నియామకం, విలీనం, ఒంటరి టీచరు

2018 డీఎస్సీ తర్వాత మళ్లీ డీఎస్సీ పూర్తయింది 2025లోనే. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, ఎన్నికలు వచ్చాయి, అది రద్దయింది. కొత్త ముఖ్యమంత్రి 2024 జూన్ 13న తొలి సంతకం మెగా డీఎస్సీ మీద పెట్టారు. 16,347 పోస్టులకు 2025 ఏప్రిల్ 20న నోటిఫికేషన్ వచ్చింది, సెప్టెంబరు 25న నియామక పత్రాలు ఇచ్చారు. ఏడేళ్ల ఎండలో ఇది వాన లాంటిదే. కానీ తొలి సంతకం వార్త కావడమే మన లోటును చూపిస్తుంది. ఏటా ఎంతమంది రిటైరవుతారో ఖజానా దగ్గర లెక్క ఉంది. అంతమందిని ఏటా తీసుకుంటే అది వార్తే కాదు, మామూలు పని. తిరుపతిలో గదులు అద్దెకు తీసుకుని కోచింగు సెంటర్ల చుట్టూ యవ్వనాన్ని ఖర్చు చేసుకుంటున్న వేలమంది అప్పుడు ఏడేళ్లు ఎదురుచూడనక్కర్లేదు.

పోస్టులు నింపని ఏళ్లలో లోటును సర్దడానికి దొరికిన మాట హేతుబద్ధీకరణ. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ప్రకారం 3, 4, 5 తరగతులను కిలోమీటరు దూరంలోని ఉన్నత పాఠశాలల్లో కలిపారు. ఊళ్లో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి, వాటికి ఒక్క టీచరు. కిలోమీటరు దూరం కాగితం మీద చిన్నదే. మధ్యలో వంకో, హైవేనో, అడవో ఉన్నప్పుడు ఎనిమిదేళ్ల పిల్లకు అది చాలా దూరం. తల్లిదండ్రులు బడుల ముందు ధర్నాలు చేశారు. 2025 మే నెలలో కొత్త జీవోలు వచ్చి, బడులను తొమ్మిది రకాలు చేశారు. తరగతికో టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు అందులో మంచి భాగం. కానీ చిన్న బడులకు ఒక్క ఎస్జీటీతో సరిపెట్టే లెక్క పోలేదు.

ఫలితం కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల్లో కనిపిస్తుంది. 2024-25లో దేశంలో ఒకే టీచరున్న బడులు లక్ష దాటాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్‌వి 12,912. దేశంలో మొదటి స్థానం మనది. ఉత్తరప్రదేశ్ కూడా మన తర్వాతే. మెగా డీఎస్సీ టీచర్లు చేరకముందు లెక్క ఇది. వాళ్లు వచ్చాక కొంత తగ్గవచ్చు. కానీ విద్యా హక్కు చట్టం షెడ్యూలు 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలని స్పష్టంగా చెబుతోంది. అంతకుముందు 1986 జాతీయ విద్యా విధానం, ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ఇచ్చిన హామీ కూడా ఇద్దరు టీచర్లే. నలభై ఏళ్ల నాటి మాటను మనం ఇంకా నిలబెట్టుకోలేదు.

ఆ రెండో టీచరును ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? కొత్తగా చేరిన ఎస్జీటీ మూలవేతనం 32,670. 2025 అక్టోబరు నాటి డీఏ 37 శాతం, పల్లె అద్దె భత్యం 10 శాతం కలిపితే నెలకు 48 వేల పైచిలుకు. పింఛను ఖాతాలో ప్రభుత్వ వాటా కలిపితే 52,600 దాకా. ఏడాదికి 6.3 లక్షలు. 12,912 బడులకూ ఒక్కో టీచరును అదనంగా ఇస్తే ఏటా సుమారు 815 కోట్లు. తల్లికి వందనంలో పదో వంతు కూడా కాదు. పాఠశాల విద్య పద్దులో వంద రూపాయలకు రెండున్నర.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఆ బడుల్లో ఉన్న పిల్లలు మొత్తం 1.97 లక్షల మంది. సగటున బడికి పదిహేను మంది. ఒక్కో బిడ్డ మీద అదనంగా 41 వేలు పడుతుంది. ఇంత ఖర్చు ఎందుకు, బడులు కలిపేస్తే పోదా అని ఆర్థికశాఖ అడుగుతుంది. ముగ్గురో నలుగురో పిల్లలున్న చోట, దారి సురక్షితంగా ఉన్న చోట, ప్రభుత్వమే బండి పెట్టి పిల్లలను పెద్ద బడికి చేర్చడం సబబే. మిగతా చోట్ల ఆ పదిహేను అనే అంకెను పుట్టినప్పటి నుంచీ ఉన్న సంఖ్యగా చూడకూడదు. ఊళ్లో నలభై మంది బడి ఈడు పిల్లలున్నా పదిహేను మందే బడికి రావడానికి పెద్ద కారణం అక్కడ ఒక్క టీచరే ఉండటం. ఆ ఒక్కరూ మీటింగుకో ఓటర్ల జాబితా పనికో వెళితే బడికి తాళం. టీచరు తగ్గితే పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గారని మళ్లీ టీచరును తగ్గిస్తారు. రెండో టీచరు ఆ చక్రాన్ని ఆపే ఖర్చు.

పరిశోధనలు తేల్చినవి

డబ్బుకూ చదువుకూ ఉన్న సంబంధం మీద ప్రపంచంలో ఎక్కువ పనికొచ్చిన పరిశోధనల్లో కొన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే జరిగాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి వందల బడుల్లో ప్రయోగాలు చేశారు. బడికి అదనపు గ్రాంటు ఇచ్చి చూశారు. మొదటి ఏడాది పిల్లలకు మేలు జరిగింది. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు, లాభం మాయమైంది. పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు చిన్న బోనస్, సగటున జీతంలో 3 శాతం దాకా, ఇస్తే రెండేళ్లలో లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు బాగా పెరిగాయి. అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును ఇచ్చిన చోట కూడా పిల్లలు మెరుగయ్యారు.

ప్రైవేటు బడుల మీద అదే బృందం చేసిన అధ్యయనం తల్లిదండ్రులందరూ తెలుసుకోవాల్సింది. ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ ద్వారా ప్రైవేటు బడి సీటిచ్చి నాలుగేళ్లు చూశారు. తెలుగులో, లెక్కల్లో తేడా రాలేదు. హిందీలో మాత్రం మెరుగయ్యారు. ఒక్కో బిడ్డ మీద ప్రైవేటు బడి ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతే. అంటే కాన్వెంటు గొప్పదన్న నమ్మకం నిజం కాదు, అంత డబ్బు పెడుతున్న ప్రభుత్వ బడి ఆ డబ్బుకు తగినంత ఇవ్వడం లేదన్నదీ నిజమే.

ఇండోనేషియాలో టీచర్ల మూలవేతనాన్ని రెట్టింపు చేశారు. టీచర్లు ఆనందపడ్డారు, వాళ్ల డబ్బు ఇబ్బందులు తగ్గాయి, పిల్లల చదువులో మార్పు రాలేదు. ఇవన్నీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. జీతం పెంచినంత మాత్రాన చదువు రాదు. జీతం ఎగ్గొడితే కూడా రాదు. సరిపడా టీచర్లు, వేళకు అందే జీతం, పిల్లలు నేర్చుకున్నారా అని చూసే పద్ధతి, మూడూ కలిసి రావాలి. మద్రాసు రోజుల ఫలితాల గ్రాంటు మూడో దాన్ని మాత్రమే పట్టుకుని మొదటి రెండింటినీ వదిలేసింది, అందుకే చెడింది.

ఈ సీమలోనే పుట్టిన ఒక జవాబును కూడా చెప్పాలి. రిషీవ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం పల్లె బడుల కోసం ఒక పద్ధతి తయారు చేసింది. అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో, కార్డుల వరస ప్రకారం ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకుంటారు. టీచరు తిరుగుతూ అవసరమైనవాళ్ల పక్కన కూర్చుంటారు. 2003 ప్రాంతంలో చెన్నై కార్పొరేషన్ బడులు దీని స్ఫూర్తితోనే కృత్యాధార బోధన మొదలుపెట్టాయి, అది తమిళనాడు అంతటికీ పాకింది. పక్క రాష్ట్రం అందిపుచ్చుకున్నంతగా మనం అందిపుచ్చుకోలేదు. కార్వేటినగరం డైట్‌లో శిక్షణ పొందే ప్రతి టీచరుకూ ఇది చేతికి రావాలి. చిత్తూరు, నగరి, సత్యవేడు వైపు తమిళ మీడియం పిల్లలు, ఉర్దూ మీడియం పిల్లలు ఉన్న జిల్లాలో ఒకే గదిలో రకరకాల స్థాయిల పిల్లలు ఉండటం తప్పదు.

ఓటు ఎవరికి ఉంది

శాసనమండలిలో టీచర్లకు ప్రత్యేక స్థానాలున్నాయి. ఉమ్మడి చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం జిల్లాలు తూర్పు రాయలసీమ ఉపాధ్యాయ నియోజకవర్గం. 2017లో ఇక్కడి నుంచి విఠపు బాలసుబ్రహ్మణ్యం గెలిచారు. 2023 మార్చిలో పర్వతరెడ్డి చంద్రశేఖర్ రెడ్డి గెలిచారు. అప్పుడే జరిగిన పట్టభద్రుల ఎన్నికలో అధికార పార్టీ ఓడింది. ఉద్యోగం లేని యువత, పీఆర్సీతో నొచ్చుకున్న ఉద్యోగులు ఏమనుకుంటున్నారో 2024 ఎన్నికలకు ఏడాది ముందే తెలిసిపోయింది.

ఈ వ్యవస్థలో ఒక పెద్ద లోపం ఉంది. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఓటు మాధ్యమిక స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో పనిచేసేవాళ్లకే. ఒకటి నుంచి అయిదు తరగతులు చెప్పే ఎస్జీటీకి ఆ ఓటు లేదు. ఒంటరి బడిని మోస్తున్న టీచరుకు టీచర్ల ప్రతినిధిని ఎన్నుకునే హక్కు లేదు. ప్రాథమిక బడుల సమస్యలు మండలి దాకా బలహీనంగా వెళ్లడానికి ఇదీ ఒక కారణం. సంఘాలు ఫిట్‌మెంట్ కోసం విజయవాడను కదిలించాయి. ఒక్క టీచరు బడుల కోసం అంత పెద్ద చలో ఒక్కసారీ జరగలేదు.

అమెరికాలో 2018లో వెస్ట్ వర్జీనియా టీచర్లు తొమ్మిది పని దినాలు సమ్మె చేసి 5 శాతం పెంపు సాధించారు. ఆ పెంపు టీచర్లతో పాటు రాష్ట్ర ఉద్యోగులందరికీ వచ్చింది. సమ్మె రోజుల్లో బడి భోజనం మీద ఆధారపడ్డ పేద పిల్లలకు అన్నం పొట్లాలు అందించినవాళ్లూ ఆ టీచర్లే. ఊరు వాళ్ల వెనక నిలబడింది. మన టీచర్ల సంఘాలకు ఆ మద్దతు ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు తగ్గింది. తమ పిల్లలను ప్రైవేటుకు పంపే టీచర్లు కూడా ఉన్నప్పుడు ఊరు నమ్మడం కష్టం. ఆ నమ్మకాన్ని తిరిగి గెలవాల్సింది టీచర్లే.

చేయాల్సినవి

మొదటిది, పది మందికి తగ్గకుండా పిల్లలున్న ప్రతి ప్రాథమిక బడికీ ఇద్దరు టీచర్లు ఉండాలని రాష్ట్రమే చట్టం చేయాలి. ప్రభుత్వం మారినప్పుడు జీవోతో తీసేయలేని చట్టం కావాలి. రెండోది, డీఎస్సీ ఏటా జరగాలి. రిటైరయ్యేవాళ్ల సంఖ్యను జనవరిలో ప్రకటించి, జూన్‌లో బడులు తెరిచేనాటికి కొత్త టీచర్లు తరగతిలో ఉండాలి. మూడోది, పీఆర్సీకి, డీఏకి తేదీలు చట్టంలో రాయాలి. వేళకు వచ్చే 20 శాతం, ఆరేళ్లకు వచ్చే 30 శాతం కన్నా మేలు, ప్రభుత్వానికీ టీచరుకూ. నాలుగోది, తల్లికి వందనం కొనసాగనీ, కానీ ప్రభుత్వ బడి పిల్లల తల్లికి ఎక్కువ, ప్రైవేటు బడి పిల్లల తల్లికి తక్కువ అనే తేడా పెట్టాలి. అందులో మిగిలిన డబ్బు రెండో టీచరు జీతానికి వెళ్లాలి.

అయిదోది టీచర్లు తమంతట తాము ఇవ్వాల్సింది. మూడో తరగతి బిడ్డ తెలుగు వాచకంలో ఒక పేజీ చదవగలుగుతోందా, రెండంకెల తీసివేత చేయగలుగుతోందా, ఈ రెండూ ప్రతి బడీ ఏడాదికోసారి ఊరి సభలో చూపించాలి. శిక్ష వేయడానికీ జీతం కోయడానికీ దీన్ని వాడకూడదు. ఊరికీ బడికీ మధ్య మాట కలవడానికి ఇది చాలు. జీతం అడిగే హక్కు టీచరుకు ఉంది, చదువు అడిగే హక్కు తల్లికి ఉంది. రెండూ ఒకరికొకరు ఎదురు నిలిచే హక్కులని ఇన్నాళ్లూ రాజకీయం మనల్ని నమ్మించింది.

తూర్పు రాయలసీమ ఉపాధ్యాయ స్థానానికి మళ్లీ ఎన్నిక 2029లో. అసెంబ్లీ ఎన్నికలూ ఆ ఏడాదే. అప్పటికి ఈ రెండు జిల్లాల్లో ఒక్క టీచరుతో నడుస్తున్న బడుల జాబితా మండలాల వారీగా ప్రతి పంచాయతీ గోడ మీదా ఉండాలి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీ అయినా, ఆ జాబితా దగ్గర నిలబెట్టి, ఇందులో మా బడి పేరు ఎప్పుడు పోతుందని అడగాలి. తేదీ చెప్పలేనివాళ్లకు ఓటు వేయకూడదు.